తాడు కింద గీత

దర్శకుడు ఆ మాట నలుగురిలో అనకుండా ఉంటే కత్తులక్కకు అంత మంట పుట్టి ఉండేది కాదు.

రిహార్సలు హాల్లో ఆమె ఓ మూల నేల మీద కూర్చుని, సైనికుడి బల్లేనికి ఊడిన మొనను జిగురు పెట్టి అతికిస్తోంది. కొత్త నాటకంలో రాణి కత్తి గురించి దర్శకుడు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. నిండు సభలో రాణి కత్తి దూసి, ఇన్నాళ్ళూ దాచిన నిజం బయటపెడుతుందట. ఆమె మాట్లాడినంతసేపూ కత్తి వెలుగుతూ ఉండాలట. పైనుంచి లైటు కొడితే కుదరదు, కత్తే వెలగాలి.

"లోపల లైట్లూ బ్యాటరీలూ పెట్టాలన్నమాట," అని, కత్తులక్క వైపు తిరిగాడు. "అక్కా, మీ ఆడపడుచు ఫోన్లు బాగుచేస్తుంది కదా. ఈ కత్తి ఆమెకి ఇచ్చేద్దాం. ఒకసారి అడిగి చూడండి."

పంతొమ్మిదేళ్ళుగా ఆ నాటక సమాజంలో ఏ రాజు ఏ రాజును పొడిచినా ఈమె చేసిన కత్తితోనే పొడిచాడు. చెక్కను చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, వెండి కాగితం ఒక్క ముడత లేకుండా చుట్టి, పిడికి నల్లతాడు బిగించి ఇస్తే మూడో వరసలో కూర్చున్నవాళ్ళు కూడా అది ఇనుమే అనుకునేవారు. ఆమె అసలు పేరేమిటో సమాజంలో సగం మందికి తెలియదు, కత్తులక్క అంటే చాలు. అలాంటిది కత్తి అనగానే వీళ్ళకి ఇంకొకరు గుర్తుకు రావడమా!

"ఆమెకెందుకండీ? నేను చేస్తా," అంది, బల్లెం కింద పెట్టకుండానే.

"అది కరెంటు పని కదక్కా."

"అయితే కరెంటు కత్తే చేస్తా. ఎప్పటికి కావాలి?"

దర్శకుడు రాణి వేషం అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి పైకప్పు వైపు చూసింది. అది సోమవారం. "శనివారం పొద్దున చూద్దాం," అన్నాడతను గొంతు తగ్గించి. "వెలక్కపోతే ఏమీ అనుకోకండి. ఇకమీద మనం వేసే నాటకాలన్నిట్లో ఇలాంటివే ఉంటాయి. పని తెలిసినవాళ్ళ చేతిలో ఉంటే నాకూ బెంగ ఉండదు."

అంటే శనివారం కత్తి వెలక్కపోతే తన మూల తనకి ఉండదు. మాట ఎంత మెత్తగా చెప్పినా అర్థం అదే.

ఆడపడుచు అంటే భర్తకు చెల్లెలు. మేడమీద గదిలో ఉంటుంది. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. వీధిలో ఎవరి ఫోను నీళ్ళలో పడ్డా, ఎవరి టీవీ రిమోటు మొరాయించినా తలుపు తట్టేది ఆమె కోసమే. తట్టేది కింది తలుపు, తీసేది కత్తులక్క. "మీ ఆడపడుచు లేదా?" అని అడిగి, లేదంటే వెళ్ళిపోతారు. గుమ్మంలో నిలబడ్డ ఈ మనిషికీ రెండు చేతులున్నాయని, వాటికీ ఓ విద్య వచ్చని ఒక్కరికీ తోచదు. ఇది అసూయేనని కత్తులక్కకు తెలుసు. తెలిసిపోతే తగ్గే జబ్బు కాదది.

ఆ సాయంత్రం సంగతి వినగానే భర్త మహా సంబరంగా, "మా చెల్లిని అడగరాదూ? చిటికెలో చేసి పడేస్తుంది," అన్నాడు.

కత్తులక్క గరిటె గిన్నెలో ఠంగుమనిపించింది. "చెబుతున్నా వినండి. ఈ కత్తి మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే ఊరుకునేది లేదు. ఎవరూ ముట్టుకోవద్దు."

"నేనేమన్నా అన్నానా వదినా?" అంది ఆడపడుచు, పళ్ళెంలోంచి తలెత్తి.

"అనకముందే చెబుతున్నా."

మంగళవారం పొద్దున పార్టుల షాపుకు వెళ్ళింది. ఇరుకు సందులో ఇరుకు కొట్టు. గోడనిండా చిన్న చిన్న సొరుగులు, పైనుంచి వేలాడే రంగురంగుల తీగల చుట్టలు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న షాపాయన బల్ల వెనకాల ఏదో గీకుతున్నాడు.

"కత్తికి లైట్లు కావాలండీ."

ఆయన కళ్ళజోడు కిందికి దించి ఆమెను చూశాడు. "ఏం కత్తమ్మా?"

"నాటకంలో కత్తి. వెలగాలి."

నవ్వుతాడేమో, నవ్వితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది గానీ, ఆయన నవ్వలేదు. సొరుగు లాగి గోరంత దీపం ఒకటి తీసి, రెండు తీగలు తగిలించి వెలిగించాడు. కళ్ళు చెదిరాయి. "ఇది పిడిలో పెడితే వెలుగు గొట్టంలోంచి పైకి పోతుంది. కానీ మొన దగ్గరికెళ్ళేసరికి నీరసపడిపోతుంది." ఇంకో సొరుగులోంచి చుట్టచుట్టి ఉన్న పట్టీ తీశాడు. వేలెడు వెడల్పు కూడా లేదు, దాని పొడుగునా బియ్యపుగింజలంత దీపాలు. "ఇదైతే మొదలు నుంచి చివరిదాకా ఒకటే వెలుగు. మీకు ఇది నయం. ఐదు వోల్టులదా, పన్నెండు వోల్టులదా?"

ఏ దుకాణంలోనైనా పెద్దదే మంచిదని ఆమె నమ్మకం. "పన్నెండిచ్చేయండి."

"పన్నెండుకి ఇలాంటివి మూడు పట్టాలి," అంటూ బొటనవేలంత లావు చార్జింగు సెల్లు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "మీ పిడిలో చోటుందా? ఒకేసారి ఎంతసేపు వెలగాలి? దానితో కొట్టుకుంటారా, ఊరికే పట్టుకుంటారా?"

కత్తులక్క సెల్లును అరచేతిలో ఎగరేసి బరువు చూసింది. మూడు పడితే పిడి రోకలి అవుతుంది. రాణి వేషం అమ్మాయిది చిన్నపిల్లల చెయ్యి, సన్నపిడి అయితేనే గట్టిగా పట్టుకుంటుంది. ఆ సంగతి ఈయనకీ తెలియదు, మేడమీద ఉన్నావిడకీ తెలియదు, తనకొక్కదానికే తెలుసు. "మిగతా రెండూ కనుక్కుని వస్తా," అని, విసిరికొట్టినా పగలని పాలతెలుపు ప్లాస్టిక్ గొట్టం ఒక్కటి మాత్రం కొనుక్కుని బయటపడింది. ఏ వీధిలోనైనా దొరికే వస్తువది.

బుధవారం మధ్యాహ్నం ఆమె కొలతల టేపు కనపడలేదు. వెతగ్గా వెతగ్గా మెట్ల పక్కనున్న ఇస్త్రీ బల్ల మీద దొరికింది. టేపు కింద, ఫోన్ల దుకాణం రసీదు పుస్తకంలోంచి చింపిన కాగితం, అడ్డంగా మడిచి ఉంది. పైభాగం మీద ఆడపడుచు దస్తూరి.

లైట్ల పట్టీ, ఐదు వోల్టులది, మీటరుకి అరవై దీపాలవి, రెండు మీటర్లు. చార్జింగు సెల్లు ఒకటి, దాని హోల్డరు. నొక్కితే నిలిచే స్విచ్.

అదీ సంగతి! దర్శకుడు తనతో శనివారమని చెప్పి, వెనకనుంచి ఈమెకు కూడా పురమాయించాడన్నమాట. ఈ మహాతల్లి ఏమీ ఎరగనట్టు అన్నం తింటూనే, తన టేపుతోనే, తన కత్తికి పోటీ కత్తి కొలుచుకుంటోందన్నమాట. అడిగి తీసుకుందా? లేదు. ఎందుకడుగుతుంది, దొంగపని కదా!

మేడమీద చెప్పుల చప్పుడైంది. మడత విప్పి కిందిభాగం చూసే వ్యవధి లేదు. చేతిలో ఉన్న ఉప్పుకాగితం వెనకవైపు పెన్సిలుతో ఆ మూడు వరసలూ గీకేసి, కాగితం ఎలా ఉందో అలాగే పెట్టి, టేపు కూడా అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తన టేపు తానే వదిలేసి రావలసి వచ్చినందుకు ఇంకాస్త ఉడుక్కుంది.

ఆ సాయంత్రం షాపాయన ఉప్పుకాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి తలూపాడు. "ఇది రాసినవాళ్ళకి పని తెలుసమ్మా."

"నేనే రాశా."

"మరి నిన్న పన్నెండు వోల్టులు కావాలన్నారు?"

"మీకు తెలుసో లేదోనని చూశా."

షాపాయన ఈసారి నవ్వాడు. అరవై దీపాల పట్టీ కొలవబోతుంటే ఆమె ఆపింది. అదే పట్టీ కొంటే రెండు కత్తులూ ఒకేలా వెలుగుతాయి. ఒకేలా వెలిగితే దర్శకుడి కంటికి ఏది ఆనుతుందో చెప్పనక్కర్లేదు. "ఇంతకంటే ఎక్కువ దీపాలున్నది లేదా?"

"నూట ఇరవైది ఉంది. సెల్లు తొందరగా అయిపోతుంది. ఎంతసేపు వెలగాలో కనుక్కున్నారా?"

కనుక్కుంది. నాటకం రాతప్రతి ముందు పెట్టుకుని, రాణి మాటలు పైకి చదువుతూ గడియారం చూసుకుంది. "మూడు నిమిషాలు. నత్తి కొడితే నాలుగు."

"అయితే బేషుగ్గా సరిపోతుంది," అన్నాడాయన. ఆమెకు ఆ వారంలో మొదటిసారి ఊపిరాడింది.

గురువారమంతా పెరటి గదిలో తలుపేసుకుని పని చేసింది. పిడి సంగతి ఆమెకొకరు చెప్పక్కర్లేదు. చెక్కపిడిని లోపల తొలిచి, సెల్లూ హోల్డరూ ఒరలో దూరినట్టు దూరేలా, బయట మాత్రం ఆ అమ్మాయి చేతికి సరిపోయేలా సన్నంగా చెక్కింది. స్విచ్ బొటనవేలు దానంతటదే వెళ్ళే చోట పెట్టింది. గొట్టంలో దూరే సన్నటి కర్ర ఒకటి చదరంగా చిత్రిక పట్టింది. దానికి రెండువైపులా పట్టీలు అంటించాలి.

అంటించబోతూ ఆగింది. బోసి కర్ర మీద పట్టీ ఏం బాగుంటుంది? పంతొమ్మిదేళ్ళలో వెండి కాగితం తొడగని కత్తి ఆమె చేతిలోంచి బయటికి పోలేదు. పైగా కాగితం అద్దంలా వెలుగును ఎగరగొడుతుంది. మేడమీదావిడకి ఆ కిటుకు తట్టనే తట్టదు. కత్తులక్క ముసిముసిగా నవ్వుకుంటూ కర్ర పొడుగునా వెండి కాగితం చుట్టి, గోటితో ముడతలన్నీ దువ్వి, దాని మీద పట్టీలు అంటించింది. తీగల కొసలు మెలిపెట్టి బిగించి, సెల్లు పెట్టి స్విచ్ నొక్కింది.

గదంతా పాలవెలుగు. సంతోషం పట్టలేక, "ఏమేవ్, ఒకసారి..." అని కేకేయబోయి నోరు మూసుకుంది. చూడమని పిలవడానికి, చూస్తే అందులో గొప్పేమిటో తెలియడానికి ఆ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషికే చూపించకూడదు.

శుక్రవారం పొద్దున ఇంకోసారి వెలిగించి చూసుకుంది. బ్రహ్మాండంగా ఉంది. రాణి నిండు సభలో దూసినట్టు విసురుగా ఒక తిప్పు తిప్పింది. గొట్టంలో ఏదో చిటుక్కుమంది. వెలుగు పోయింది. స్విచ్ నొక్కింది, మళ్ళీ నొక్కింది. అంతలో పిడి వెచ్చబడి, చూస్తుండగానే పట్టుకోలేనంత వేడెక్కింది. ప్లాస్టిక్ కాలిన కంపు. కొంగుతో పట్టుకుని మూత లాగి, సెల్లును నేలమీదికి దులిపేసింది. హోల్డరు ఒక పక్క కరిగి వంకర తిరిగిపోయింది. ఆమె మొహం కూడా అలాగే ఉంది.

ఆ పిల్ల తప్పు రాసింది. అవును, తప్పే రాసింది! ఎవరైనా చూసి కాపీ కొడతారని కావాలనే తప్పు రాసి పెట్టింది. ఈ ఆలోచన పట్టుకుని కత్తులక్క గబగబా ఇంట్లోకి వచ్చింది. భర్త పనికి వెళ్ళాడు. మేడమీద కిటికీ తెరిచే ఉంది, ఇవాళ ఆడపడుచుకు సెలవు. ఇస్త్రీ బల్ల మీద కాగితం బుధవారం ఎక్కడుందో అక్కడే ఉంది. దాని మీద టేపు కూడా ఉంది. మూడు రోజులుగా ఎవరూ కదపలేదు.

సొంత పనికి రాసుకున్న కాగితాన్ని మూడు రోజులు ఇలా ఎవరు వదిలేస్తారు? మడత విప్పింది.

చిన్న ఫ్యూజు ఒకటి, ఎక్కువ కరెంటు లాగితే ముందు అదే తెగిపోతుంది, మిగతావి బతుకుతాయి. పెరటి గదిలో ఉన్న పాత రాణి కత్తి పిడి, లోపల తొలిస్తే ఒక సెల్లే పడుతుంది, కొలిచాను. తీగల కొసలు మెలిపెడితే చాలదు, టంకం వేసి టేపు చుట్టాలి. లోపల వెండి కాగితం వద్దు, తీగ తగిలితే షార్టు అవుతుంది.

చివరి వరస కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

కత్తులక్క ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. కత్తి లోపల వెండి కాగితం పెట్టాలనే బుద్ధి ఎవరికి పుడుతుంది? ఫోన్లు బాగుచేసేవాళ్ళకి పుట్టదు. షాపాయనకి పుట్టదు. ప్రపంచం మొత్తం మీద ఒక్క మనిషికే పుడుతుంది. ఈ కాగితం ఆ మనిషికి రాసింది. తన టేపును గుర్తుగా పెట్టి, తను రోజూ నాలుగుసార్లు తిరిగే చోట పెట్టింది. తను మాత్రం దాన్ని దొంగతనంగా, అదీ సగమే కాపీ కొట్టింది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దాని వెనకే మళ్ళీ అసూయ తన్నుకొచ్చింది, ఈసారి ఇంకో రకంది. పట్టీలూ సెల్లులూ సరే, తెలుస్తాయి. తను ఏ తప్పు చేస్తుందో కూడా ముందే తెలిసిపోవాలా?

కత్తి తీసుకుని మేడమెట్లెక్కింది. ఆడపడుచు బల్ల ముందు కూర్చుని టీ తాగుతోంది. బల్ల మీద చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు వరసగా పడుకున్నాయి. ఆమె కత్తిని చూసింది, వంకర తిరిగిన హోల్డరును చూసింది, వదిన మొహం చూడకుండా టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నాకెందుకు ఇవ్వలేదే కాగితం చేతికి?" అంది కత్తులక్క. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

"నువ్వే కదా చెయ్యి పెట్టొద్దన్నావు. చెయ్యి పెట్టలేదు. కాగితం పెట్టాను."

"మడిచి పెడితే సగమే చూశా."

"విప్పుతావనుకున్నా వదినా. నేను దిగొస్తున్నానని భయపడి పారిపోతావని నాకేం తెలుసు?"

కత్తులక్కకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని దిగమింగింది. కత్తి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎలా చెయ్యాలో చెప్పు. ముట్టుకోవద్దు, చెప్పు చాలు. మాటంటే మాటే."

"చిత్తం," అంది ఆడపడుచు. రెండు చేతులూ తొడల కిందికి తోసేసి, వాటి మీద కూర్చుంది.

సాయంత్రం దాకా అలాగే సాగింది. కత్తులక్క పట్టీలు ఊడదీసి, వెండి కాగితం ఒలిచేసింది. ముద్దుగా చుట్టిన కాగితం ఉండచుట్టి పారేయాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంది. సొరుగులో పొట్లం ఉంది తీసుకోమంది ఆడపడుచు. అందులో కొత్త హోల్డరు, ఫ్యూజు ఉన్నాయి.

"ఇవెప్పుడు కొన్నావ్?"

"మంగళవారం."

కత్తులక్క హోల్డరును పిడిలో దూర్చి సరిచూసుకుంది. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఆమెకు అదే మొదలు. "టంకాన్ని కాల్చకు, తీగను కాల్చు. తీగ వేడెక్కితే టంకం అదే పాకుతుంది. అయ్యో, అటు కాదు, ఎడమకి. ఎడమకి వదినా!" అని ఆడపడుచు కూర్చున్నచోటే మెలికలు తిరిగింది. చేతులు రెండుసార్లు బయటికి వచ్చి, మళ్ళీ తొడల కిందికి వెళ్ళిపోయాయి. కత్తులక్క చూపుడువేలు చుర్రుమంది. నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలెట్టింది.

టేపు చుట్టడం అయ్యాక ఆడపడుచు మెడ సాచి పట్టీని చూసింది. "నూట ఇరవైదా ఇది?"

"ఊఁ."

"నేను అరవై రాశాను. మూడు నిమిషాలే వెలగాలని నాకు తోచలేదు. నువ్వు ఎంచిందే బాగుంది."

నిజంగానే అందో, మనసు ఊరుకోక అందో కత్తులక్కకు తెలియలేదు. ఆ మాట మటుకు పట్టుకుని మెట్లు దిగింది.

శనివారం పొద్దున తాడు చుట్టాలి. చుట్టేముందు పిడి అడుగున చిన్నకత్తితో ఒక గీత గీయడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. తాడు కింద దాగిపోయి ఎవరికీ కనపడదు. పంతొమ్మిదేళ్ళ కత్తులన్నిటి మీదా ఉందది. గీత గీస్తుంటే ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూస్తోంది. కత్తులక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ లోపలికి రమ్మనే మాట నోట్లోంచి రాలేదు. గీసి, తాడు బిగించి ముడి వేసేసింది.

హాల్లో కిటికీలు మూశారు. వదిన వెంట వచ్చిన ఆడపడుచు తలుపు దగ్గరే ఆగిపోయింది. రాణి వేషం అమ్మాయి కత్తి దూసి, బొటనవేలు కదిపింది. పిడి నుంచి మొనదాకా ఒకటే తెల్లటి వెలుగు. ఆ అమ్మాయి తన చేతిలో ఉన్నదాన్ని తనే చూసుకుని మొదటి మాట మర్చిపోయింది. మళ్ళీ మొదలెట్టి మూడున్నర నిమిషాలు చెప్పింది, సైనికుడి బల్లెం మీద రెండుసార్లు కొట్టింది కూడా. కత్తి రెప్ప వేయలేదు. "ఎంత తేలిగ్గా ఉందో! నా చేతికోసమే పుట్టినట్టుంది," అంది.

దర్శకుడు చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాడు. వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డ ఆడపడుచు ముందు ఆగాడు. "నాకు తెలుసమ్మా! నీ చెయ్యి పడితే ఇలాగే ఉంటుంది."

కత్తులక్కకు నిలబడ్డచోట నిలువునా మండింది. పిడి గురించి అన్నారు, వెలుగు గురించి అన్నారు, అంతా అక్కడికే పోయి చేరింది.

"నేను ముట్టుకోలేదండీ," అంది ఆడపడుచు.

"ఊరుకో అమ్మా, మరీ అంత అణకువా!"

"మా వదిన మీద ఒట్టు. వేలు కూడా పెట్టలేదు. అంతా ఆవిడే చేసుకుంది."

దర్శకుడు అటూ ఇటూ చూసి, "అలాగా అక్కా! గొప్పగా చేశారు. ఇంక ఇవన్నీ మీవే," అన్నాడు. కావలసిన మాట, కావలసిన మనిషి నోటినుంచి, నలుగురి ముందే వచ్చింది. కత్తులక్క దాని కోసం ఆరు రోజులు చచ్చీచెడీ ఎదురుచూసింది. తీరా వచ్చాక అది ఎండిన జిగురులా ఎక్కడా అంటుకోలేదు. ఆడపడుచు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

అందరూ టీ తాగడానికి బయటికి వెళ్ళారు. కత్తులక్క రాణి కత్తి అడిగి తీసుకుని, సామాన్ల గదిలోకి నడిచింది. వెనక్కి చూడకుండానే, "ఇలా రా," అంది.

ఆడపడుచు వచ్చేసరికి ఆమె స్టూలు మీద కూర్చుని, పిడి తాడు ముడి పళ్ళతో లాగి విప్పుతోంది.

"అయ్యో, ఇప్పుడే కదా చుట్టావు! ఏమైంది? మళ్ళీ వేడెక్కిందా?"

"వేడెక్కలేదు, ఏం లేదు. ఇదిగో." తాడు కింద బయటపడ్డ తెల్లచెక్క మీద సన్నటి గీత చూపించింది. "కత్తికొకటి పెడతా. మీ అన్నయ్యకి కూడా తెలీదు."

ఆడపడుచు వంగి చూసింది. చేతులు వెనక్కి కట్టుకునే ఉంది. కత్తులక్క పిడిని ఆమె వైపు తిప్పి, చిన్నకత్తి కూడా ఇచ్చింది.

"ఇప్పుడు ముట్టుకో."

"నేనేం చేశానని వదినా..."

"కాగితం రాశావుగా. పెట్టు గీత. పక్కన చోటుంది."

ఆడపడుచు పిడి పట్టుకుంది. ఆ కత్తిని ఆమె చేత్తో పట్టుకోవడం అదే మొదలు. ఎంత తేలికో చూసుకుని ఒక్కసారి ఆశ్చర్యపోయింది. తర్వాత చిన్నకత్తి మొన చెక్కకు ఆనించింది. ఫోన్లు విప్పే చెయ్యి కదా, ఒణుకు లేకుండా, నూలుపోగులా, వదినదానికన్నా తిన్నగా వస్తోంది గీత. కత్తులక్క చూస్తూ కూర్చుంది, చూస్తూ చూస్తూ ఇంక ఉండబట్టలేకపోయింది.

"చాలు, ఆపు. నాదానికన్నా చిన్నదిగా పెట్టు."